ఆ గడి నేను గీయలేదు

మంగళవారం, రాత్రి ఏడు.
పిల్లలు ఖాళీ చేసిన తరగతి గదిలో
వాళ్ళ బుల్లి కుర్చీల్లో మోకాళ్ళు ముడుచుకుని
ఏడుగురు పెద్దవాళ్ళు.
చేపల ఫ్యాక్టరీ నుంచి తిన్నగా వచ్చినవాళ్ళ చేతుల్లో
ఎంత సబ్బు రుద్దినా వదలని కాడ్ చేప వాసన.
కిటికీ అవతల న్యూఫౌండ్‌లాండ్ పొగమంచు,
రేవులో దీపాలున్నాయో లేవో చెప్పదు.

భిన్నాలంటే బెదిరిపోతారని
బోర్డు మీద "సెలవు" అని రాశాను.
మూడు రోజులు, రెండు రాత్రులు.
ఫార్చూన్ రేవులో పడవెక్కితే
అవతల సెయింట్ పియేర్ దీవి,
ఫ్రాన్సు వాళ్ళది, అక్కడ చెల్లేది యూరో.
ప్రయాణం ఉత్తుత్తిది,
ఖర్చు మాత్రం సెంటుతో సహా తేలాలి.

యూరోకి ఒకటి పాయింటు ఐదు డాలర్లు, అన్నాను.
లియాండర్ పెన్సిలు కింద పెట్టేశాడు.
నలభై ఏళ్ళ కిందట
ఆ చుక్క దగ్గరే బడి మానేశాడట.
"డాలరున్నర" అన్నాను.
"అలా చెప్పి ఏడవొచ్చుగా" అని
నూట ఇరవై యూరోల గదిని
నోటితోనే నూట ఎనభై చేసేశాడు.
చుక్క ఇంకా బోర్డు మీదే ఉంది,
ఎవరూ తోలని ఈగలా.

గదికి ముగ్గురు.
ఏడుని మూడుతో భాగిస్తే రెండు గదులు, శేషం ఒకటి.
"ఆ శేషాన్ని నేనే" అన్నాడు ఆంబ్రోస్,
"నా గురక సంగతి మీకు తెలీదు,
పడవలో పడుకుంటా."
గురకకి ధర కట్టే సూత్రం
నా పుస్తకంలో లేదు. సరే అన్నాను.

టికెట్టు తొంభై,
రెండు రాత్రుల గదిలో వాటా నూట ఇరవై,
తిండికి నూట ఎనభై.
మొత్తం మూడువందల తొంభై రావాలి.
హనోరా కాగితం మీద
ఎనిమిది వందల ఇరవై రెండు.

ఎర్ర పెన్ను మూత తీశాను.
తప్పు ఎక్కడా దొరకలేదు.
అడుగున, నా పట్టికలో లేని గడి ఒకటి
స్కేలు లేకుండా వంకరగా గీసి ఉంది:
గంటకి పద్దెనిమిది, ఎనిమిది గంటలు, మూడు రోజులు.
నాలుగువందల ముప్ఫై రెండు.

"ఇదేమిటి హనోరా?"
"నేను లైన్లో నిలబడని మూడు రోజులు.
అవి నాకెవరిస్తారు?"

నాది నెల జీతం.
జులైలో ఊరికే కూర్చున్నా చెక్కు వస్తుంది.
అందుకే పదకొండేళ్ళుగా ఇదే పాఠం చెబుతూ
ఆ గడి గీయాలని తోచలేదు.
సెలవు కన్నా, సెలవు పెట్టడమే
నలభై రెండు డాలర్లు ఎక్కువ.
పెన్ను మూత పెట్టేశాను.

బోర్డంతా తుడిచాం.
ఈసారి సుద్దముక్క హనోరా చేతిలో.
ఆదివారం. పొద్దుటి పడవకి పోవడం,
సాయంత్రం పడవకి రావడం. పోయే కూలి సున్నా.
టికెట్టు తొంభై, ఒకపూట భోజనం
ఇరవై నాలుగు యూరోలు, అంటే ముప్ఫై ఆరు.
నూట ఇరవై ఆరు.
"అక్కడి గడియారం మనకన్నా అరగంట ముందుగా,
ఆ అరగంట మాటేమిటి?" అడిగాడు ఆంబ్రోస్.
"పోయేటప్పుడు పోతుంది, వచ్చేటప్పుడు వస్తుంది"
అని రాసింది, కొట్టేసింది.

పై వారం శాతాలు మొదలుపెట్టాం.
ఆ పై వారం ఫ్యాక్టరీలో రాత్రి షిఫ్టు పడి
ముగ్గురే వచ్చారు.

జూన్‌లో ఒకరోజు, క్లాసు ఇంకా మొదలవకముందే
హనోరా నా బల్ల మీద వెన్న డబ్బా పెట్టింది.
నిండా నాణేలు, మడతల్లో నలిగిన నోట్లు.
"నూట ఇరవై ఆరు. సరిచూడు."
రెండుసార్లు లెక్కపెట్టాను.
మూడోసారి కూడా.
"పావలా తక్కువ" అన్నాను, గొంతు తగ్గించి.

"తెలుసు" అని గుప్పిట విప్పింది.
"నువ్వు లెక్కపెడతావో
నా మాట విని తలూపేస్తావో
చూద్దామని."